ఎస్పరాంటోలో ‘న్’, మన నోట్లో ‘ని’

ద్వితీయా విభక్తి అనగానే బడిలో వల్లెవేసిన ‘నిన్, నున్, లన్, కూర్చి, గురించి’ గుర్తొస్తుంది. అవి చేసే పనేమిటో నాకు నిజంగా తెలిసింది మాత్రం ఎస్పరాంటో నేర్చుకోవడం మొదలుపెట్టాకే.

జామెన్‌హాఫ్ అనే కళ్ల డాక్టరు తయారుచేసి 1887లో వార్సాలో బయటపెట్టిన భాష అది. కర్మ, అంటే పని ఎవరి మీద జరిగిందో ఆ మాట, దాని చివర ‘న్’ చేరుస్తారు, అంతే. ‘కాటో కాప్తిస్ ముసోన్’ అంటే పిల్లి ఎలుకను పట్టింది. ‘ముసోన్ కాప్తిస్ కాటో’ అని తిప్పినా పట్టింది పిల్లే, మనం ‘ఎలుకను పిల్లి పట్టింది’ అన్నట్టే. ఇంగ్లీషులో ఆ రెండు పేర్లూ అటూఇటూ మారిస్తే ఎలుకే పిల్లిని పట్టేస్తుంది! ఇంకోటి, ‘మి ఆమాస్ విన్’ అంటే నేను నిన్ను ప్రేమిస్తున్నాను. విన్, నిన్ను... రెండు భాషలకూ చుట్టరికమేమీ లేదు, అయినా భలే ముచ్చటేసింది.

ఈ ఒక్క ‘న్’ మీద పెద్ద గొడవే జరిగింది. 1894లో జామెన్‌హాఫే తన సంస్కరణల్లో దాన్ని తీసేద్దామన్నాడు, అప్పటి ఎస్పరాంటో పత్రిక చందాదారులు ఓటేసి ఆ మార్పులేవీ వద్దన్నారు. 1907లో ఎస్పరాంటోలోంచి పుట్టిన ఈడో భాష మధ్యేమార్గం పట్టి, కర్మ కర్త కంటే ముందు వస్తేనే ‘న్’ పెట్టమంది.

తెలుగుదీ మధ్యేమార్గమే, కానీ ఇంకా తెలివైనది అనిపిస్తుంది నాకు. ‘అన్నం తిన్నాను’ అంటాం, ‘అన్నాన్ని తిన్నాను’ అని మామూలుగా అనం. అన్నం ఎలాగూ మనల్ని తినదు కదా, ఎవరు ఎవర్ని అనే అనుమానమే రాదు. సినిమా చూశాను అంటే చాలు, పాప దగ్గరికొచ్చేసరికి ‘పాపని చూశాను’ అనాల్సిందే. ప్రాణమున్నవాళ్లు కర్త అయినా కావచ్చు, కర్మ అయినా కావచ్చు, అందుకే అక్కడ ‘ని’ వదలం. ఈడో మాటల వరస చూసింది, తెలుగు ప్రాణం చూసింది. హిందీ ‘కో’ కూడా దాదాపు ఇలాగే నడుస్తుంది.

15 విభక్తులున్న ఫిన్నిష్ పేరు చెబితే చాలామందికి టెన్షన్. తీరా చూస్తే ‘తలొస్సా, తలోన్, తలొస్తా’ అంటే ఇంట్లో, ఇంట్లోకి, ఇంట్లోంచి! వాళ్లు వాటిని మూడు వేరే విభక్తులుగా లెక్కపెట్టారు. మనం ‘లో’ మీద ‘కి’ పెట్టి, ‘నుంచి’ అతికించి, మీదికి, కిందనుంచి అని పేర్చుకుంటూ పోతాం, సంస్కృతం కొలతతో గీసుకున్న ఏడు గళ్ల విభక్తుల పట్టికలో మాత్రం ఈ పేర్పుకి చోటే లేదు.