వాటర్‌ప్రూఫ్ కెమెరాలోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? అపోహలు - వాస్తవాలు

విశాఖ వైపు రుషికొండలో స్కూబా డైవింగ్‌కో, యారాడ రాళ్ల మీదకో, కటికి జలపాతం కిందకో వెళ్లేవాళ్లు ఫోన్ బయటికి తీయడానికి భయపడి చిన్న వాటర్‌ప్రూఫ్ కెమెరా కొనుక్కుంటారు. ఒలింపస్ టీజీ-6, దాని తర్వాత 2023లో ఓఎం సిస్టమ్ పేరుతో వచ్చిన టీజీ-7, రికో డబ్ల్యూజీ-6, నికాన్ డబ్ల్యూ300 ఈ కోవలోవే. ఇవి లోతుకి వెళ్లి చచ్చిపోవడం తక్కువ. ఒడ్డున హడావుడిగా మూసిన బ్యాటరీ, కార్డు తలుపు వల్ల చచ్చిపోవడమే ఎక్కువ.

అపోహ: 15 మీటర్ల వరకు పర్వాలేదని రాసుంది, మోకాలి లోతులో ఏమవుతుంది?

ఆ 15 మీటర్లు (టీజీ-6, టీజీ-7కి ఇంతే, డబ్ల్యూజీ-6కి 20, డబ్ల్యూ300కి 30) కదలని నీటిలో, తలుపు అంచున నీటిని ఆపే రబ్బరు సీలు శుభ్రంగా ఉన్నప్పుడు, పరిమిత సమయానికి చెప్పిన లెక్క. నీటిలో ప్రతి 10 మీటర్లకి దాదాపు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. అంటే 15 మీటర్ల దగ్గర చదరపు సెంటీమీటరుకి సుమారు కిలోన్నర. బ్యాటరీ తలుపు 12 చదరపు సెంటీమీటర్లుంటే దాని మీద 18 కిలోల బరువు కూర్చున్నట్టు. చిత్రమేమిటంటే ఈ బరువు తలుపుని సీలు మీదకి ఇంకా గట్టిగా అదుముతుంది. మోకాలి లోతులో ఆ సాయం ఉండదు. తలుపు అంచులో ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా నీరు దాని వెంబడి నెమ్మదిగా లోపలికి పాకుతుంది.

ఇంకో సంగతి. నీళ్లలో ముంచడం వేరు, నీళ్లు వచ్చి కొట్టడం వేరు. ఐపీ68 (దుమ్ము, నీటి నుంచి రక్షణకి ఇచ్చే రేటింగ్)లో ఆఖరి 8 అంకె ముంచడానికి సంబంధించింది మాత్రమే. జోరుగా కొట్టే ధారకి 5, 6 అంకెల పరీక్షలు విడిగా ఉన్నాయి. 8 ఉందంటే అవి కూడా పాసైనట్టు కాదు. కెమెరా పట్టుకుని పడవ మీంచి దూకొద్దని, వేగంగా పోయే జెట్ స్కీ పక్క నుంచి నీళ్లలో పెట్టొద్దని, జలపాతం ధార కింద సూటిగా ఉంచొద్దని చెప్పేది ఇందుకే. ముందు మీరు దిగండి, తర్వాత కెమెరా అందుకోండి.

తలుపు మూసే పద్ధతి ఇది. ఇంట్లోనే, చేతులు తుడుచుకున్నాక, ఫ్యాన్ ఆపి చేయాలి. తలుపు తెరిచి లోపలి రబ్బరు సీలుని వెలుతురులో ఏటవాలుగా చూడండి: ఇసుక, దారప్పోగు, చిట్లిన గీత కనబడతాయి. సీలు తాకే ఎదురంచుని కూడా చూడాలి, చాలామంది మర్చిపోయేది దాన్నే. నూగు రాలని పొడి గుడ్డతో తుడవండి. దూది వద్దు, పోగులు వదులుతుంది. స్పిరిట్, బెంజీన్ రబ్బరుని పాడుచేస్తాయి. సిలికాన్ గ్రీజు, కెమెరాని లోపల పెట్టి నీళ్లలోకి దించే విడి పెట్టె సీళ్లకి రాసేది. కెమెరా సొంత సీలుకి మాన్యువల్ చెబితే తప్ప రాయొద్దు. మూశాక లాక్ పూర్తిగా తిరిగిందో లేదో చూడండి. కొన్ని మోడళ్లలో సరిగా పడకపోతే ఎర్ర గుర్తు బయటికి కనబడుతుంది. ఛార్జింగ్ తీగ పెట్టే చోట రెండో తలుపుంటే దానికీ ఇదే మర్యాద.

బ్యాటరీ, కార్డు ఇంటి దగ్గరే నిండుగా, ఖాళీగా ఉంచుకుని వెళ్తే బీచ్‌లో తలుపు తెరవాల్సిన పనే ఉండదు. బ్యాటరీ నిండుగా, కార్డు ఖాళీగా అని!

సీలు కూడా రబ్బరే, ముసలిదవుతుంది. ఒలింపస్ లాంటి తయారీదార్లు ఏడాదికోసారి మార్పించమంటారు. దాన్ని ఎవరూ పట్టించుకోరు, మూడో ఏడాది వేసవి సెలవుల్లో కెమెరాలోకి నీళ్లు దూరతాయి.

అపోహ: ఇసుక అంటింది, టీషర్టుతో తుడిచేస్తే సరి.

విశాఖ తీరంలో, ముఖ్యంగా భీమిలి వైపు, ఇసుకలో నల్లటి, ఎర్రటి చారలు చూసే ఉంటారు. నలుపు ఎక్కువగా ఇల్మనైట్, ఎరుపు గార్నెట్. గార్నెట్ మామూలు గాజు కంటే గట్టిది. గరుకు కాగితం తయారీలో వాడే ఖనిజం. లెన్స్ ముందున్న గాజు మీద దాన్ని గుడ్డతో రుద్దితే గీత పడి తీరుతుంది. ఆ గీత మామూలు ఫొటోలో కనబడకపోవచ్చు, సూర్యుడు ఎదురుగా ఉన్న ప్రతి ఫొటోలో మసకలా తేలుతుంది. ముందు మంచినీళ్లు పోసి ఇసుక జారిపోనివ్వాలి, తర్వాతే గుడ్డ.

అపోహ: ఇంటికొచ్చాక కుళాయి కింద ఒకసారి పెడితే ఉప్పు పోతుంది.

పోదు. ఉప్పునీరు బటన్ల సందుల్లో, తలుపు అంచుల్లో, మైక్ రంధ్రాల్లో ఉండిపోతుంది. ఆరితే స్ఫటికాలవుతుంది. బటన్లు బిగుసుకుంటాయి, మైక్ మూగబోతుంది, తర్వాత తలుపు తెరిచినప్పుడు ఆ పలుకులు సీలు మీద రాలతాయి. ఉప్పు ఆరకముందే, వీలైతే గంటలోపు, చిన్న బకెట్ మంచినీళ్లలో తలుపులు మూసే ఉంచి 10 నిమిషాలు ముంచండి. నీళ్లలోనే ప్రతి బటన్‌నీ నాలుగైదు సార్లు నొక్కండి. వేడినీళ్లు, సబ్బు వద్దు. తీసి, మెల్లగా విదిలించి, తుడిచి, గాలి తగిలే నీడలో ఆరబెట్టండి. హెయిర్ డ్రయ్యర్ వేడికి సీలు వంకరపోవచ్చు. పూర్తిగా ఆరాక తలుపుని కిందివైపుకి ఉంచి తెరిస్తే అంచులో మిగిలిన ఒకటి రెండు చుక్కలు బయటికే పడతాయి. ఈత కొలనులో వాడినా ఇలాగే కడగాలి.

అపోహ: లెన్స్ లోపల మంచు పట్టిందంటే నీళ్లు దూరినట్టే.

చాలాసార్లు అది లోపల చిక్కుకున్న గాలి చేసే పని. విశాఖ గాలిలో తేమ ఎక్కువ. బీచ్ ఒడ్డున తలుపు తెరిచి మూస్తే ఆ తడిగాలి లోపల బందీ అవుతుంది. ఎండలో వేడెక్కిన కెమెరాని నీళ్లలో ముంచగానే ముందు గాజు చల్లబడి, లోపలి ఆవిరి దాని మీద మంచులా పడుతుంది. శీతాకాలం తెల్లవారుజామున లంబసింగిలో కారు దిగినప్పుడూ ఇదే జరుగుతుంది. మందు సులువు: ముందురోజు రాత్రి ఏసీ గదిలో తలుపు తెరిచి అరగంట ఉంచి, ఆ పొడిగాలితోనే మూసేయండి. నీళ్లలోకి దిగేముందు కెమెరాని ఎండలో వదలొద్దు.

మంచు గంటలోపు విడిపోతే భయం లేదు. గాజు వెనక చుక్కలు కట్టి కదులుతుంటే మాత్రం అది నీరే.

బయటి గాజు మీద పట్టే మంచు పూర్తిగా వేరు. ఏసీ కారులోంచి ఉక్కలోకి దిగితే కళ్లద్దాలకి పట్టినట్టే పడుతుంది, కెమెరా బయటి వేడికి అలవాటు పడ్డాక అదే పోతుంది.

అపోహ: షాక్‌ప్రూఫ్ కాబట్టి పడినా ఏం కాదు.

టీజీ-7కి 2.1 మీటర్ల ఎత్తు అంటారు. ఇలాంటి పరీక్షల్లో కింద ఉండేది సాధారణంగా ప్లైవుడ్, తెన్నేటి పార్కు కింది రాయి కాదు. 100 కిలోల బరువుకి తట్టుకుంటుందన్నదీ సమంగా పడే బరువు గురించే. పడినా కెమెరా పనిచేస్తూనే ఉండొచ్చు. పాడయ్యేది తలుపు కీలు అమరిక. గట్టిగా పడ్డ కెమెరాని ఆ రోజు నీళ్లలో దించకండి. ఇంటికెళ్లాక, బ్యాటరీ, కార్డు తీసి, లోపల పొడి టిష్యూ ముక్క పెట్టి, తలుపు మూసి బకెట్‌లో కాసేపు ముంచి చూస్తే తేలిపోతుంది.

అపోహ: నీళ్లలో వదిలితే తేలుతుంది.

మునుగుతుంది. టీజీ-7 పావు కిలో. ఆరెంజ్ రంగు తేలే పట్టీ కట్టి, అది ఈ బరువుని మోస్తుందో లేదో బకెట్‌లోనే చూసుకోండి.

అపోహ: నీటి అడుగున ఫ్లాష్ వేస్తే రంగులొస్తాయి.

నీరు ఎరుపుని ముందు మింగుతుంది. ఐదు మీటర్ల దగ్గరికే ఎరుపు చాలావరకు పోయి అంతా ఆకుపచ్చగా, నీలంగా మిగులుతుంది. ఫ్లాష్ దగ్గరలో రంగు తెస్తుంది, నిజమే. కానీ మన నీటిలో మట్టి రేణువులు తేలుతుంటాయి. వానాకాలంలో గోస్తని లాంటి నదులు బురద తెచ్చి కలిపినప్పుడు మరీ ఎక్కువ. లెన్స్ పక్కనే ఉన్న ఫ్లాష్ ఆ రేణువులన్నింటినీ వెలిగించి ఫొటోని మంచు తుఫానులా చేస్తుంది. ఫ్లాష్ ఆపండి, నీటి అడుగు వైట్ బ్యాలెన్స్ (రంగులు సరిచేసే సెట్టింగ్) పెట్టండి, జూమ్ ముట్టుకోకండి, అర మీటరు దగ్గరకి వెళ్లండి. నీటిలో చదును గాజు వెనక నుంచి వస్తువులు మూడో వంతు పెద్దగా కనబడతాయి, 25 ఎంఎం వైడ్ లెన్స్ 33 ఎంఎంలా మారి ఫ్రేమ్ ఇరుకవుతుంది. కాబట్టి చేప ఫ్రేమ్‌లో పట్టకపోతే జూమ్ తప్పు కాదు.

ఈ కెమెరాలకి అసలు చోటు లోతు కాదనిపిస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుకి సముద్రం బాగా వెనక్కి వెళ్లినప్పుడు మంగమారిపేట, రుషికొండ రాళ్ల మధ్య మిగిలే గుంటల్లో పీతలు, సముద్ర పుష్పాలు (సీ అనిమోన్లు), సముద్రపు నత్తలు బయటపడతాయి. టీజీ కెమెరాల మైక్రోస్కోప్ మోడ్ లెన్స్‌కి సెంటీమీటరు దూరం వరకు ఫోకస్ చేస్తుంది. చేతిలో కెమెరాని గుంటలో ముంచి, నీడ పడకుండా పక్క నుంచి తీయండి. రాళ్లు తిరగేయొద్దు, కింద ఉన్నవాటి ఇల్లు అది.

అపోహ: ఐపీ68 ఫోన్ ఉంటే ఇదంతా దండగ.

వానకి, చిందిన నీళ్లకి ఫోన్ చాలు. సముద్రంలో తడి తెర వేలిని గుర్తించదు, ఉప్పు ఛార్జింగ్ రంధ్రంలో కూర్చుంటుంది. నీటి వల్ల పాడైతే చాలా కంపెనీల వారంటీ కూడా వర్తించదు.

అపోహ: లోపలికి నీళ్లు పోతే కెమెరాని బియ్యంలో పెట్టాలి.

బియ్యం లోపలి నీటిని లాగదు, పైగా దాని పిండి తలుపు అంచుల్లో చేరుతుంది. నీరు దూరిందనిపించిన క్షణమే పవర్ ఆపండి, "పనిచేస్తోందా" అని మళ్లీ ఆన్ చేయకండి. బయట తుడిచి, తలుపు కిందికి ఉంచి తెరిచి, బ్యాటరీ, కార్డు తీసేయండి. కార్డుని మంచినీటితో కడిగి పూర్తిగా ఆరనిస్తే ఫొటోలు చాలావరకు దక్కుతాయి. ఉప్పునీరైతే బోర్డు మీద తుప్పు గంటల్లోనే మొదలవుతుంది కాబట్టి సర్వీసుకి అదే రోజు ఇవ్వండి. ఉప్పునీళ్లు తగిలిన బ్యాటరీని మాత్రం ఎండబెట్టి ఛార్జర్‌లో పెట్టే ప్రయత్నం చేయకండి, కొత్తది కొనండి.