తండ్రీకూతుళ్ల గొడవతో సిట్‌కామ్: అపోహలు - వాస్తవాలు

కామెడీ సిరీస్‌లకు, అంటే సిట్‌కామ్‌లకు ఎపిసోడ్లు రాయడం నా వృత్తి. కన్నవాళ్లకూ ఎదిగిన పిల్లలకూ మధ్య మాటలు ఆగిపోయిన కథ ఎవరైనా తెస్తే ముందు 'రీబూట్' అనే అమెరికన్ సిట్‌కామ్ చూడమంటాను. 2022 సెప్టెంబరులో హులూ అనే ఓటీటీలో మొదలైంది. ఎనిమిదే ఎపిసోడ్లు. 2023 జనవరిలో రద్దు చేశారు.

అపోహ: ఒక్క సీజన్‌తో ఆపేశారంటే రాత బాగోలేదనే.

వాస్తవం: దాన్ని సృష్టించిన స్టీవెన్ లెవిటన్, 11 సీజన్లు నడిచిన 'మోడర్న్ ఫ్యామిలీ' సృష్టికర్తల్లో ఒకరు. విలియం షాట్నర్ ముక్కోపి తండ్రిగా 2010లో అమెరికన్ టీవీ ఛానల్ సీబీఎస్‌లో వచ్చిన సిట్‌కామ్‌కైతే కొత్త కామెడీగా పీపుల్స్ ఛాయిస్ అవార్డు కూడా వచ్చింది. అదీ 18 ఎపిసోడ్లతోనే ఆగింది. కొనసాగింపు రాత ఒక్కదాని మీదే ఆధారపడదు. ఖర్చెంత, చూసేవాళ్లెందరు అన్న లెక్కలు కూడా ఉంటాయి.

అపోహ: ఇలాంటి కథలో ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మనసు విప్పి మాట్లాడించాలి.

వాస్తవం: కొత్త రచయితలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. "నన్నెందుకు వదిలేశావు నాన్నా?" అని మొదటి ఎపిసోడ్‌లోనే అడిగించేస్తే రెండో ఎపిసోడ్‌కి ఏం మిగులుతుంది?

'రీబూట్'లో హానా (రేచల్ బ్లూమ్) ఒక పాత సిట్‌కామ్‌ని మళ్లీ తీయాలనుకుంటుంది. దాని అసలు సృష్టికర్త గోర్డన్ (పాల్ రైజర్) వచ్చి కూర్చుంటాడు. అతను ఆమె తండ్రే. తల్లినీ తననీ వదిలి ఇంకో సంసారం పెట్టుకున్నాడు, ఆ రెండో ఇంటి కథే ఆ పాత సిట్‌కామ్. తనకు దక్కని నాన్న ఇంకో ఇంట్లో ఎలా ఉన్నాడో ఆమె టీవీలో చూసింది. ఇంత బలమైన గాయాన్ని కామెడీకి పునాదిగా వేయడం నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

ఇప్పుడు ఇద్దరూ ఒకే రైటర్స్ రూమ్‌లో, అంటే రచయితలంతా కలిసి కూర్చుని రాసే గదిలో. ఆమె తెచ్చుకున్న కుర్ర రచయితలు ఒకవైపు, ఆయన తెచ్చిన పాతకాపులు మరోవైపు. జోక్ ఉంచాలా తీసేయాలా అని వాదులాట. వాళ్లు వాదించేది జోక్ గురించి, మనకు వినపడేది ఇరవై ఏళ్లకు పైబడిన కోపం. మధ్యలో ఒక పని పెట్టండి, గొడవ ఆ పని మీద పడనివ్వండి. 2013లో ఏబీసీ ఛానల్‌లో వచ్చిన 'బ్యాక్ ఇన్ ది గేమ్'లో ఆ పని పిల్లల బేస్‌బాల్ జట్టు. విడాకులు తీసుకున్న కూతురిగా మ్యాగీ లాసన్, ఆమెతో పొసగని తండ్రిగా జేమ్స్ కాన్ నటించారు.

అపోహ: సిట్‌కామ్‌లో జోక్ పడగానే వెనక వినిపించే నవ్వులన్నీ రికార్డు చేసి అతికించినవే.

వాస్తవం: చాలా మల్టీ కెమెరా షోలు, అంటే ఒకేసారి కొన్ని కెమెరాలతో తీసేవి, ప్రేక్షకుల ముందే తీస్తారు. ఎడిటింగ్‌లో నవ్వుల్ని సరిచేయడం మాత్రం ఉంది.

అపోహ: మన దగ్గర ఈ కథ నడవదు.

వాస్తవం: స్టోరీ సిట్టింగ్స్‌లో ఈ మాట విన్నప్పుడల్లా గట్టిగా కాదంటాను. "మీ నాన్నని భోజనానికి రమ్మను", "వాణ్ణి తినేయమను" అంటూ ఒకే గదిలో ఉండి అమ్మ ద్వారా మాట్లాడుకునే తండ్రీకొడుకులు మనకు కొత్తా? ఇలాంటి కథ రాస్తుంటే ఆ అమ్మ డైలాగులే ముందు రాయండి. రెండువైపుల మాటనూ మోస్తూ, మధ్యలో కాస్త మార్చి చెప్పే మనిషి ఆవిడే.