పాతబస్తీ మిద్దె, ఎదురింటి గడప: తగాదా మొదలైంది 2009లో

కర్నూలు పాతబస్తీలో పాత మిద్దెను బాగుచేయడం మొదలైతే సందుకు అవతలివాళ్ళతో పేచీ కూడా మొదలైనట్టే. ఈసారీ అవే మూడు మాటలు: దుమ్ము, జాప్యం, కాలవ. నవాబుల కాలం, రాజధాని రోజులు అందరికీ తెలిసినవే. ఈ గొడవ మూలం అంత పాతది కాదు. 2009 అక్టోబరు 2.

ఆ రోజు తుంగభద్ర, హంద్రీ ఊరి మీద పడ్డాయి. మట్టి అడుసుతో రాయి పేర్చి సున్నపు గచ్చు పూసిన గోడలు మునిగాయి. నిలిచిన ఇళ్ళకు తడి ఆరకముందే సిమెంటు పూయించారు. పిల్లాజెల్లాతో ఎన్నాళ్ళని బయటుంటారు? కానీ గచ్చు తేమను వదులుతుంది, సిమెంటు వదలదు. లోపల చిక్కిన తడి పైకి పాకి, ఉప్పు పేరుకుని, పూత డొల్లవుతుంది. వెనకాల మట్టి పొడిపొడిగా రాలుతుంది. దానికి తోడు చాలా సందుల్లో పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే సీసీ పోశారు. ఎక్కి పోయే గడపలు దిగి పోయేవయ్యాయి.

అందుకే ముందు సిమెంటు ఒలవాలి. మిషను పెడితే రెండు రోజుల పనే, కానీ ఆ అదురుకు రాళ్ళు వదులవుతాయి. చేతి ఉలితో మూరెడు మూరెడు తీయాలి. ఆపైన గోడ ఒక వేసవి ఆరాలి. సున్నం కనీసం 15 రోజులు నీళ్ళలో నానాలి. ఒక పాలు సున్నానికి రెండున్నర పాళ్ళు ఇసుక కలిపి, కరక్కాయ, బెల్లం నీళ్ళు పోసి గానుగలో నూరాలి. పూత అర అంగుళం మించితే బీటలిస్తుంది. పూతపూతకీ వారం పాటు తడి గోనెపట్టాలు కప్పాలి. ఇంకా ఎన్నాళ్ళంటే మేస్త్రీ దగ్గర జవాబుంది.

దుమ్ముకు లేదు. ఒలిచిన సిమెంటు పెళ్ళల్ని పొడిగా పైనుంచి విసిరితే ఎదురింటి బియ్యం డబ్బాదాకా పోతుంది. కాస్త నీళ్ళు చిలకరించి, సంచుల్లో కట్టి దించితే చాలు. రాతి సున్నం మీద నీళ్ళు పోస్తే సలసల ఉడికి కళ్ళలోకి చిందుతుంది. ఆ పని సందులో కాదు, పెరట్లో తొట్టిలో చేయాల్సింది. తొట్టి కడిగిన నీళ్ళు వదిలితే కాలవ అడుగున సున్నం గడ్డకడుతుంది. తొలి వానకే నీళ్ళు ఎదురింటి గడప దాటుతాయి. కాలవ ముందే పూడిందంటారు మిద్దెవాళ్ళు. పూడే ఉండొచ్చు.

ఎదురింటివాళ్ళు పని ఆపమనడం లేదు. కడుగునీళ్ళు గుంటలో నిలిపి అడుగు సున్నాన్ని ఎత్తుకోమంటున్నారు. నీళ్ళు గోడకు చేరకుండా దాని వెంట తవ్వే కొత్త కాలవను సందు కాలవలో కలిపేముందు, వాలు ఎటుందో నీళ్ళు నింపిన లెవెల్ పైపు పెట్టి తమ ముందే చూపించమంటున్నారు.