గోడ మీద 1,508 పేర్లు

బెల్జియం రాజధాని బ్రస్సెల్స్ శివార్లలోని టెర్వ్యూరెన్ మ్యూజియంలో ఒక గోడ నిండా పేర్లు ఉంటాయి. మొత్తం 1,508. కాంగోకి వెళ్లి అక్కడే చనిపోయిన బెల్జియన్లవి. అదే కాలంలో రబ్బరు కోసం చేయించిన వెట్టిచాకిరీలో ప్రాణాలు పోగొట్టుకున్న కాంగో జనం లక్షల్లో ఉన్నా, వాళ్ల పేరు ఒక్కటీ ఆ గోడెక్కలేదు. జాతుల జీవనాన్ని చూపించే మ్యూజియాలు వలసపాలకుల చూపును వదులుకోవాలన్న వాదన ఇప్పుడు గట్టిగా వినిపిస్తోంది. దాని వెనకున్న కథ ఈ గోడ దగ్గర బాగా అర్థమవుతుంది.

1897లో బ్రస్సెల్స్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. కాంగోని సొంత ఎస్టేటులా ఏలుకుంటున్న బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ అక్కడి నుంచి 267 మందిని రప్పించి, టెర్వ్యూరెన్ పార్కులో ఉత్తుత్తి పల్లెలు కట్టించి, వాళ్లను అందులో జనానికి చూపించాడు. ఆ చలీ వానా పడక జబ్బుచేసి ఏడుగురు చనిపోయారు. చూడటానికి జనం మాత్రం విరగబడ్డారు. ఆ ప్రదర్శనే తర్వాత శాశ్వత మ్యూజియంగా మారింది. 1910లో రాజభవనం లాంటి ఇప్పటి కట్టడం తెరిచారు. అంటే మనుషుల్ని బోనులో పెట్టినట్టు చూపించడం ఈ మ్యూజియం చరిత్రలో ఎక్కడో జరిగిన పొరపాటు కాదు, దాని పుట్టుకే అది.

వస్తువుల్ని పేర్చే పద్ధతిలోనూ ఆ చూపు ఉంది. 1884లో మొదలైన ఆక్స్‌ఫర్డ్ పిట్ రివర్స్ మ్యూజియంలో ఏ జాతిదైనా సరే ఆయుధాలన్నీ ఒకచోట, ముసుగులన్నీ ఒకచోట పెట్టారు. మొరటు రూపం నుంచి మెరుగైన రూపానికి మనిషి ఎలా ఎదిగాడో చూపాలన్నది ఆ వస్తువులిచ్చిన దాత పిట్ రివర్స్ ఆలోచన. వరస చివర ఎవరుంటారో చెప్పక్కర్లేదు. అమెరికాలోనూ ఇదే పద్ధతి కనిపించినప్పుడు, 1887లో మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్ తప్పుపట్టాడు: వాడిన జనం నుంచి విడదీస్తే వస్తువుకి అర్థమే ఉండదన్నాడు. దాంతో ఒక్కో జాతి బతుకునీ మనుషుల బొమ్మలతో చూపే పద్ధతి బలపడింది. అదీ చిక్కే తెచ్చింది. అద్దం వెనక ఆ జనం ఎప్పటికీ పాతకాలంలోనే ఆగిపోయారు.

మార్చాలనే ఉద్దేశం మంచిదైనా బెడిసికొట్టిన సందర్భం టొరంటోది. 1989లో రాయల్ ఒంటారియో మ్యూజియం కెనడా సైనికులూ మిషనరీలూ ఆఫ్రికా నుంచి తెచ్చిన వస్తువులతో ఒక ప్రదర్శన పెట్టింది. వలసవాదుల అహంకారాన్ని ఎత్తిపొడవడం క్యూరేటర్ ఉద్దేశం. అందుకే వాళ్ల మాటల్ని కోట్ గుర్తుల్లో పెట్టి గోడల మీద రాయించారు. కానీ దక్షిణాఫ్రికాకు చెందిన జూలు తెగ యోధుణ్ణి కత్తితో పొడుస్తున్న బ్రిటిష్ సైనికుడి బొమ్మ గోడంత ఎత్తున ఎదురైనప్పుడు కోట్ గుర్తులు ఎవరి కంట పడతాయి? నగరంలోని నల్లజాతివాళ్లు నెలల తరబడి మ్యూజియం ముందు నిరసనలు చేశారు. మ్యూజియం క్షమాపణ చెప్పింది 2016లో.

టెర్వ్యూరెన్ మ్యూజియాన్ని ఐదేళ్లు మూసి, మరమ్మతులు చేసి 2018 డిసెంబరులో మళ్లీ తెరిచారు. బెల్జియం కాంగోకి నాగరికత తెస్తున్నట్టు చెప్పే బంగారుపూత విగ్రహాలు అలాగే ఉన్నాయి. కట్టడం రక్షిత వారసత్వం కాబట్టి తీయడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని పక్కన కాంగో కళాకారుల పని చేర్చారు. నాకు నచ్చింది ఫ్రెడీ త్సింబా చేసింది. 1897లో చనిపోయిన ఆ ఏడుగురి పేర్లను ఆయన కిటికీ అద్దాల మీదకి ఎక్కించాడు. ఎండ కాసినప్పుడు ఆ పేర్ల నీడ 1,508 పేర్ల మీద పడుతుంది. మబ్బు పట్టిందా, మళ్లీ పాత గోడే. ఈ మార్పులు చాలవని 2019లో ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం అంది.

2022లో బెల్జియం దాదాపు 84,000 వస్తువుల జాబితాను కాంగో చేతికిచ్చింది. ఆ జూన్‌లో బెల్జియం రాజు ఫిలిప్ కకూంగు అనే పెద్ద ముసుగును కాంగో రాజధాని కిన్షాసాలోని మ్యూజియానికి స్వయంగా అందించాడు, అదీ గడువులేని అరువు కింద. అన్యాయంగా తెచ్చినవాటి హక్కును బదిలీ చేసేందుకు దారి తెరుస్తూ అదే ఏడాది చట్టమూ వచ్చింది. ఏది ఎలా వచ్చిందో తేల్చాలంటే ముందు పాత రిజిస్టర్లు తిరగేయాలి. వాటిలో ఉన్నది చాలావరకు తెచ్చినవాళ్లు చెప్పిన మాటే.