ఎంబీబీఎస్ చదివి నర్సింగ్‌లోకి: మన దగ్గర తిరుగుతున్న అపోహలు, అసలు వాస్తవాలు

నేను నల్లగొండలో నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెప్తాను. అంతకుముందు ఐసీయూలో స్టాఫ్ నర్సుగా పనిచేశాను. ఈమధ్య అడ్మిషన్ల సమయంలో రెండు రకాల కుటుంబాలు ఎక్కువగా వస్తున్నాయి. చైనాలోనో, కిర్గిజ్‌స్తాన్‌లోనో, ఫిలిప్పీన్స్‌లోనో డాక్టర్ చదువు పూర్తిచేసి, ఇక్కడ ప్రాక్టీసు చేయడానికి రాయాల్సిన ఎఫ్‌ఎంజీఈ పరీక్ష దగ్గర ఆగిపోయిన పిల్లల తల్లిదండ్రులు ఒకరు. ఇక్కడే ఎంబీబీఎస్ చేసి, పెళ్లయి డల్లాస్‌కో న్యూజెర్సీకో వెళ్లి ఇంట్లో కూర్చున్న ఆడపిల్లల తల్లిదండ్రులు ఇంకొకరు. ఇద్దరూ అడిగేది ఒకటే, డాక్టర్ చదువుతో నర్సింగ్‌లోకి పోవచ్చా అని. పోవచ్చు. కానీ ఆ దారి గురించి మిర్యాలగూడలో ఒకరు ఒకటి చెప్తున్నారు, మహబూబ్‌నగర్‌లో ఇంకొకరు ఇంకోటి చెప్తున్నారు, అమీర్‌పేట కన్సల్టెన్సీల వాళ్లు మూడోది చెప్తున్నారు. లక్షలు కట్టాక నిజం తెలిస్తే ఏం లాభం? అందుకే తెలిసినంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "ఎంబీబీఎస్‌ల నర్సింగ్ అంతా వస్తది కదా మేడమ్, ఎన్‌క్లెక్స్ డైరెక్టుగ రాసుకోవచ్చు."

రాయలేరు. ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

అమెరికాలో రిజిస్టర్డ్ నర్సు లైసెన్సు కోసం పెట్టే పరీక్ష ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్. హైదరాబాద్‌లో కూడా సెంటర్ ఉంది కాబట్టి ఫీజు కడితే చాలు, రాసేయొచ్చని చాలామంది అనుకుంటారు. పరీక్షకు కూర్చోనివ్వాలా వద్దా అన్నది ఆయా రాష్ట్రాల బోర్డ్ ఆఫ్ నర్సింగ్ చేతిలో ఉంటుంది. బోర్డు చూసేది నర్సింగ్ చదువు. పెద్దల నర్సింగ్, ప్రసూతి, పిల్లలు, మానసిక ఆరోగ్యం ఇలా ఒక్కో విభాగంలో క్లాసులో ఎంత చదివారు, వార్డులో నర్సింగ్ విద్యార్థిగా ఎంత పనిచేశారు అని అడుగుతుంది. ఎంబీబీఎస్ మెమోల్లో ఫార్మకాలజీ ఉంటుంది, సర్జరీ ఉంటుంది, గైనిక్ ఉంటుంది. నర్సింగ్ క్లినికల్ గంటలు మాత్రం ఉండవు. అవి లేకుండా దరఖాస్తు ముందుకు కదలదు.

"మరి చదివింది అదే శరీరం, అవే మందులు కదా" అంటారు. ఎన్‌క్లెక్స్ తరహా ప్రశ్న ఒకటి తీసుకోండి. పెద్ద ఆపరేషన్ అయి రెండో రోజు. పేషెంట్‌కు ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, ఆక్సిజన్ 86 శాతానికి పడింది. నర్సు మొట్టమొదట చేయాల్సింది ఏది? ఎంబీబీఎస్ చదివినవాళ్లు ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ అడ్డుపడిందని వెంటనే పట్టేస్తారు. వాళ్ల చూపు గడ్డను చూపించే సీటీ యాంజియో స్కాన్ మీదికి, గడ్డ పెరగకుండా ఇచ్చే హెపారిన్ మందు మీదికి పోతుంది. ఆ ఆలోచన తప్పు కాదు. కానీ ప్రశ్న అడిగేది మంచం పక్కన నిలబడ్డ మనిషి మొదటి నిమిషంలో ఏం చేస్తుందని. తలవైపు ఎత్తాలి, ఆక్సిజన్ పెట్టాలి, పేషెంట్‌ను ఒంటరిగా వదలకుండా సాయానికి పిలవాలి. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త రకం పరీక్షలో ఇలాంటి నిర్ణయాలనే కేసు మొత్తం నడిపించి అడుగుతున్నారు. ఐదు గంటల గడువు, కనీసం 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150.

వార్డు పని కూడా అంతే. మంచం పట్టిన పేషెంట్‌ను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని డాక్టర్లందరికీ తెలుసు. తిప్పినప్పుడు తుంటి మీద, మడమ మీద చర్మం ఎర్రబడిందా అని చూసి, వేలితో నొక్కి, ఆ ఎరుపు తెల్లబడుతోందా లేదా అని గమనించేది నర్సు. నొక్కినా పోని ఎరుపు పుండుకు మొదటి మెట్టు. అది రాత్రి రెండు గంటలకు కనిపెడితే పేషెంట్ బతుకు ఒక తీరుగా ఉంటుంది, మూడు రోజుల తర్వాత కనిపెడితే ఇంకో తీరుగా ఉంటుంది. ఈ కన్ను పుస్తకంతో రాదు, పని చేస్తేనే వస్తుంది.

అపోహ: "అయితే మళ్లీ మొదటి నుంచి నాలుగేండ్లు చదవాలె."

అమెరికాలో ఉన్నవాళ్లకు అంత అవసరం లేకపోవచ్చు. ఏదైనా డిగ్రీ ఉన్నవాళ్ల కోసం అక్కడ యాక్సిలరేటెడ్ బీఎస్‌ఎన్ అనే తక్కువ కాలపు నర్సింగ్ డిగ్రీ కోర్సులున్నాయి. సాధారణంగా 12 నుంచి 18 నెలల్లో అయిపోతాయి. ఊపిరాడని వేగంతో నడుస్తాయి కాబట్టి, చంటిపిల్లలున్న అమ్మాయిలు ఇంట్లో ఎవరు సాయం ఉంటారో ముందే చూసుకోవాలి. కమ్యూనిటీ కాలేజీల్లో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ కూడా ఉంది. ఫీజు బాగా తక్కువ, ఎన్‌క్లెక్స్ మాత్రం అదే. మయామీలోని ఫ్లోరిడా ఇంటర్నేషనల్ యూనివర్సిటీ అయితే విదేశాల్లో చదివిన డాక్టర్ల కోసమే ప్రత్యేకంగా ఒక నర్సింగ్ డిగ్రీని మొదలుపెట్టింది.

ఆలస్యమయ్యేది కోర్సులో కాదు, కోర్సుకు ముందు. మీ ఎంబీబీఎస్‌ను సబ్జెక్టుల వారీగా మదింపు చేయించాలి. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ చదివి చాలా ఏళ్లయితే కొన్ని కాలేజీలు మళ్లీ చదివి రమ్మంటాయి. స్టాటిస్టిక్స్, న్యూట్రిషన్ మన ఎంబీబీఎస్‌లో విడి సబ్జెక్టులుగా లేవు కాబట్టి అవి చాలామంది అక్కడే చేయాల్సి వస్తుంది. ట్రాన్స్‌క్రిప్టులు, అంటే చదివిన సబ్జెక్టులు, మార్కుల అధికారిక పత్రాలు, యూనివర్సిటీ నుంచే నేరుగా పోవాలి. వరంగల్‌లో కాళోజీ హెల్త్ యూనివర్సిటీ పుట్టకముందు చేరినవాళ్ల రికార్డులు విజయవాడ హెల్త్ యూనివర్సిటీలో ఉంటాయి. అమ్మాయి డల్లాస్‌లో ఉండి, నాన్న సూర్యాపేట నుంచి విజయవాడకు తిరగాల్సిన పని ఇది. విమానం ఎక్కకముందే చేయించుకుంటే అందరికీ సుఖం.

అపోహ: "ఎఫ్‌ఎంజీఈ పోతే ఇక్కడనే బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరంల కూసోబెట్టొచ్చు."

అలాంటి ఏర్పాటు లేదు. మన దేశంలో ఎంబీబీఎస్ వాళ్లకు నర్సింగ్‌లో లేటరల్ ఎంట్రీ లేదు. పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్లే కదా అంటారు, అది జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా చేసి రిజిస్టరైన నర్సులకు మాత్రమే. నర్సు కావాలంటే జీఎన్‌ఎం మూడేళ్లు లేదా బీఎస్సీ నాలుగేళ్లు, మొదటి రోజు నుంచి చదవాల్సిందే. ఎవరైనా "మేనేజ్ చేస్తం" అంటే ఆ కాలేజీ గేటు దాటి బయటికి వచ్చేయండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఎఫ్‌ఎంజీఈలో 300కి 150 రావాలి, ఏడాదికి రెండుసార్లు పెడతారు. 130, 140 దగ్గర ఆగిన పిల్లలకు నేను నర్సింగ్ చెప్పను. ఇంకోసారి గట్టిగా కూర్చోమంటాను. ఆరేళ్లు పరాయి దేశంలో చలికి, భాషకు తట్టుకుని చదివిన చదువది. పది, ఇరవై మార్కుల కోసం వదిలేయొద్దు. పట్టణాల్లో కొన్ని ప్రైవేటు నర్సింగ్‌హోంలు ఈ పిల్లలను రాత్రిపూట డ్యూటీ డాక్టర్లుగానో, నర్సుల స్థానంలోనో పెట్టుకుంటున్నాయి. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ లేకుండా డాక్టర్‌గా చేసినా, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ లేకుండా నర్సుగా చేసినా చట్టవిరుద్ధమే. పేషెంట్‌కు ఏమన్నా అయితే కేసు మీదపడేది ఆ పిల్లవాడి మీదే.

అపోహ: "నర్సింగ్ చేస్తే గ్రీన్ కార్డు చేతిల పడ్డట్టే."

సగం నిజం. రిజిస్టర్డ్ నర్సులు అమెరికా కార్మిక శాఖ షెడ్యూల్-ఎ జాబితాలో ఉన్నారు. అంటే ఆ ఉద్యోగానికి అక్కడివాళ్లు దొరకలేదని యజమాని రుజువు చేసే లేబర్ సర్టిఫికేషన్ అనే పెద్ద అంచె దాటాల్సిన పని లేదు. కానీ ఆ తర్వాత నిలబడాల్సింది ఉద్యోగం మీద గ్రీన్ కార్డు ఇచ్చే ఈబీ-3 కోటా క్యూలో. ఇండియాలో పుట్టినవాళ్లకు అది పదేళ్లు దాటిన క్యూ. ఫిలిప్పీన్స్ నర్సు రెండు మూడేళ్లలో వెళ్లిందన్న కథ విని మనం లెక్క వేసుకోవద్దు.

భర్త హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉంటే భార్యకు వచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న అమ్మాయిలు కోర్సు చదువుకోవచ్చు, అందుకు అడ్డు లేదు. ఉద్యోగానికి మాత్రం వర్క్ పర్మిట్ కావాలి. అది రావాలంటే సాధారణంగా భర్త ఐ-140, అంటే గ్రీన్ కార్డు కోసం ఆయన కంపెనీ పెట్టే దరఖాస్తు, ఆమోదం పొంది ఉండాలి. మామూలు స్టాఫ్ నర్సు ఉద్యోగానికి హెచ్-1బీ దొరకడం చాలా కష్టం. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద చదివితే చదువు తర్వాత పనిచేసేందుకు ఇచ్చే ఓపీటీ గడువు ఏడాదే, సాఫ్ట్‌వేర్ వాళ్లలా ఇంకో రెండేళ్ల పొడిగింపు ఉంటుందనుకోవద్దు. కాబట్టి కాలేజీ ఫీజు కట్టేముందు అల్లుడిగారి ఐ-140 ఎక్కడిదాకా వచ్చిందో అడగండి. అడగడానికి మొహమాటపడుతున్నారని నాకు తెలుసు. అయినా అడగండి.

అపోహ: "నర్స్ ప్రాక్టీషనర్ అయితే మళ్లీ డాక్టరైనట్టే."

కాదు, అయినా అది గొప్ప ఉద్యోగమే. నర్సు లైసెన్సు తర్వాత మాస్టర్స్ లేదా డాక్టరేట్ చేసి నర్స్ ప్రాక్టీషనర్ కావచ్చు. పేషెంట్‌ను చూస్తారు, మందులు రాస్తారు. సగానికి పైగా రాష్ట్రాల్లో డాక్టర్ పర్యవేక్షణ లేకుండానే సొంతంగా చేయొచ్చు. మనవాళ్ల డయాగ్నసిస్ చదువు అక్కడ బాగా కలిసొస్తుంది. కానీ అది వైద్యుడి లైసెన్సు కాదు, డాక్టర్లు ఆస్పత్రిలో చేసే రెసిడెన్సీ శిక్షణకు దొడ్డిదారీ కాదు. డాక్టర్‌గానే ఉండాలన్న కోరిక బలంగా ఉంటే అమెరికా డాక్టర్ లైసెన్సు పరీక్షలైన యూఎస్‌ఎంఎల్‌ఈ స్టెప్ 1, స్టెప్ 2, ఆపైన రెసిడెన్సీ సీటు కేటాయించే మ్యాచ్ దారిని ముందు పూర్తిగా తేల్చుకోండి. టెన్నెసీ రాష్ట్రం 2023లో, విదేశీ డాక్టర్లు అక్కడి రెసిడెన్సీ లేకుండానే పర్యవేక్షణ కింద పనిచేసేందుకు చట్టం చేసింది. ఆ తర్వాత మరికొన్ని రాష్ట్రాలూ అటు నడిచాయి. రెండు పడవల్లో కాళ్లు పెట్టి ఐదేళ్లు పోగొట్టుకున్న అమ్మాయిలను చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

జర్మనీ గురించి కూడా అడుగుతున్నారు. అక్కడ ఔస్‌బిల్డుంగ్ పేరుతో మూడేళ్ల నర్సింగ్ శిక్షణ ఉంది, నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. డాక్టర్‌గానే గుర్తింపు పొందే అప్రొబేషన్ దారి కూడా అక్కడ వేరుగా ఉంది. మీ డిగ్రీకి అది వర్తిస్తుందో లేదో తేలకముందు ఔస్‌బిల్డుంగ్ కాగితాల మీద సంతకం పెట్టొద్దు.

అపోహ: "డాక్టర్ చదివి నర్సు అయితే పరువు పోయినట్టే."

ఈ మాట నా ముందే అంటారు, నేను నర్సునని తెలిసీ అంటారు. నాకు కోపం రాదు గానీ బాధేస్తుంది. 2000ల తొలి ఏళ్లలో ఫిలిప్పీన్స్‌లో వేలమంది డాక్టర్లు నర్సింగ్ చదివి అమెరికా వెళ్లారు. 2004లో అక్కడి మెడికల్ బోర్డు పరీక్షలో దేశంలోనే మొదటి స్థానం వచ్చిన డాక్టర్ కూడా ఆ దారే పట్టాడు. వాళ్ల దేశం డాక్టర్లను పోగొట్టుకుందని బాధపడింది, అది న్యాయమైన బాధ. కానీ వాళ్లు చేసిన పని చిన్నదని అనలేం. డాక్టర్ రౌండ్స్‌కు వచ్చి పేషెంట్ దగ్గర గడిపేది కొన్ని నిమిషాలు, మిగతా రోజంతా ఆ ప్రాణం నర్సు చేతిలోనే ఉంటుంది. అయితే మనసులో "నేను డాక్టర్‌ను, ఇది తప్పక చేస్తున్నా" అని పెట్టుకుని వచ్చేవాళ్లు మాత్రం దయచేసి రావద్దు. పేషెంట్ మలం శుభ్రం చేయడం అసిస్టెంట్ పని అనుకుంటే, ఆ మలం నల్లగా తారులా ఉందన్న సంగతి తెలియకుండా పోతుంది. కడుపులో రక్తం కారుతోందని చెప్పేది ఆ రంగే.

అపోహ: "ఆన్‌లైన్ల ఆర్నెల్లల్ల నర్సింగ్ డిగ్రీ ఇప్పిస్తరట."

2023 జనవరిలో అమెరికా న్యాయశాఖ ఫ్లోరిడాలో బయటపెట్టిన కేసు తెలుసుకోండి. అక్కడి మూడు నర్సింగ్ స్కూళ్ల పేరుతో 7,600కు పైగా నకిలీ డిప్లొమాలు, ట్రాన్స్‌క్రిప్టులు అమ్మారు. కొన్నవాళ్లలో చాలామంది లైసెన్సులు రాష్ట్రాల బోర్డుల పరిశీలనకు వచ్చాయి, ఎంతోమంది వాటిని పోగొట్టుకున్నారు.

ఏ స్కూలైనా సరే, ఆ రాష్ట్ర బోర్డ్ ఆఫ్ నర్సింగ్ ఆమోదం ఉందా, నర్సింగ్ కోర్సుల నాణ్యతను పరిశీలించే సీసీఎన్‌ఈ లేదా ఏసీఈఎన్ సంస్థల గుర్తింపు ఉందా, వాళ్ల విద్యార్థుల్లో ఎంతమంది ఎన్‌క్లెక్స్ మొదటిసారే పాసయ్యారు అన్నవి చూడండి. చాలా బోర్డుల వెబ్‌సైట్లలోనే ఈ వివరాలు ఉంటాయి, కన్సల్టెన్సీని అడగాల్సిన పని లేదు. ఆస్పత్రిలో చేయాల్సిన క్లినికల్ గంటలు ఎక్కడ, ఎన్ని అని కూడా స్కూలును రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే డబ్బు కట్టకండి.