పిల్లల మనసు బాగోలేనప్పుడు ఎవరిని కలవాలి? తల్లిదండ్రుల అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్న నేను ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలను, వారి తల్లిదండ్రులను దాదాపు ప్రతిరోజూ కలుస్తుంటాను. మొదటిసారి వచ్చిన వారిని "ఈ మార్పు ఎప్పటి నుంచి గమనిస్తున్నారు?" అని అడిగితే, "దసరా సెలవులప్పటి నుంచి" అనే జవాబు నాకు తరచుగా సంక్రాంతి దాటాక వినిపిస్తుంది. ఆ మూడు నెలలూ వారు బిడ్డను పట్టించుకోకుండా ఉన్నారని కాదు, ఎవరిని అడగాలో తెలియక, అడిగితే ఏమవుతుందోనన్న భయంతో ఆగిపోయారు. ఆ భయాల వెనుక ఉన్న అపోహల గురించే ఈ వ్యాసం.

అపోహ: "మానసిక వైద్యం పిచ్చి పట్టినవాళ్లకే. మా బిడ్డకు ఉన్నది కడుపునొప్పి మాత్రమే."

పలమనేరు వైపు నుంచి ఒక పాడి రైతు, బైపీసీ రెండో సంవత్సరం చదువుతున్న తన కూతురిని తీసుకొని వచ్చారు (వారిని గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను). ఆయన చేతిలోని సంచి నిండా రక్తపరీక్షలు, స్కానింగ్, ఎండోస్కోపీ రిపోర్టులే ఉన్నాయి. "అన్నీ నార్మల్ అని రాసినారు మేడమ్, మరి నొప్పి ఎందుకు పోలేదు?" అని అడిగారు. మేము మాట్లాడుకున్నంతసేపూ ఆ అమ్మాయి స్కానింగ్ కవరు అంచును సన్నటి ముక్కలుగా చించుతూ కూర్చుంది, వెళ్లేటప్పుడు ఆ ముక్కలన్నీ ఏరి గుప్పిట్లో పట్టుకొని లేచింది. నొప్పి ఏ రోజుల్లో వస్తోందో రాసి చూస్తే, సోమవారం వారపు పరీక్ష ఉన్న ప్రతిసారీ ఆదివారం రాత్రే అది మొదలవుతోందని తేలింది. ఆ నొప్పి నటన కాదు. మెదడుకు, పేగులకు మధ్య నాడుల ద్వారా నిరంతరం సమాచారం నడుస్తూనే ఉంటుంది కనుక, తీవ్రమైన ఆందోళన కడుపునొప్పిగా, తలనొప్పిగా, వాంతులుగా బయటపడటం వైద్యులకు బాగా తెలిసిన విషయమే.

కనుక పిచ్చి లక్షణాల కోసం ఎదురుచూడవద్దు. నిద్ర, ఆకలి మారిపోవడం, స్నేహితులకు దూరం కావడం, ఇష్టమైన ఆటనో పాటనో వదిలేయడం, చిన్న మాటకే కోపమో కన్నీరో రావడం వంటివి రెండు వారాలకు మించి కొనసాగుతుంటే అడగడానికి అంతకన్నా కారణం అక్కరలేదు.

అపోహ: "మన దగ్గర ఈ వైద్యం దొరకదు. బెంగళూరుకో వేలూరుకో పోవాలి, వేలకు వేలు ఖర్చవుతుంది."

చాలామంది పిల్లలకు అంత దూర ప్రయాణం అవసరమే ఉండదు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, ఉదయం ఓపీ వేళకు వెళ్లి చీటీ రాయించుకుంటే చాలు. ఇల్లు కదలలేని వారికి, చిత్తూరు, కుప్పం, పుంగనూరు వంటి చోట్ల ఉన్నవారికి 14416 అనే ఉచిత నంబరు ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ఈ టెలీ మానస్ సేవ 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు, విద్యార్థే కాదు, తల్లి గానీ తండ్రి గానీ బిడ్డ గురించి సలహా కోసం ఫోన్ చేయవచ్చు. నేరుగా వైద్యం అవసరమైతే దగ్గరలో ఎక్కడికి వెళ్లాలో కూడా వారే చెబుతారు. సమస్య తీవ్రంగా ఉన్నప్పుడు బెంగళూరు నిమ్హాన్స్‌కు గానీ, వేలూరు సీఎంసీ వారి బాగాయం మానసిక వైద్య కేంద్రానికి గానీ వెళ్లడం మంచిదే. బాగాయంలో చేరిన రోగితో పాటు కుటుంబ సభ్యులు కూడా ఉండే పద్ధతి దశాబ్దాలుగా నడుస్తోంది, అది నాకు ఎంతో నచ్చిన పద్ధతి.

ఎవరు ఏమి చేస్తారన్నది కూడా తెలుసుకోవాలి. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తరువాత మానసిక వైద్యంలో ప్రత్యేక చదువు చదివిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు పరీక్షలు, మాటలతో చేసే చికిత్స చేస్తారు, మందులు రాయరు, భారత పునరావాస మండలిలో నమోదై ఉండాలి. నమోదు సంఖ్య అడగడం మర్యాద తప్పడం కాదు, అడగండి. అయితే వీరిలో ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలన్న సందేహంతో రోజులు గడపవద్దు, ఎవరిని ముందు కలిసినా అవసరమైన రెండో వారి దగ్గరికి పంపడం మా బాధ్యత.

అపోహ: "కౌన్సెలింగ్ అంటే నాలుగు మంచి మాటలు చెప్పడమే, అవి మేమూ చెబుతున్నాం."

"మావాడికి కొంచెం బుద్ధి చెప్పండి మేడమ్" అని కొందరు బిడ్డను నా ముందు కూర్చోబెడతారు. నా పని బుద్ధి చెప్పడం కాదు. మొదటి రెండు మూడు కలయికల్లో నేను చాలా తక్కువ మాట్లాడతాను. ఏ ఆలోచన వెంట ఏ భయం వస్తోంది, ఆ భయం వల్ల బిడ్డ దేనిని తప్పించుకుంటోంది అన్నది ఇద్దరం కలిసి రాసుకుంటాం, తరువాత తప్పించుకుంటున్న పనిని చిన్న చిన్న మెట్లుగా చేయిస్తాం. దీనికి కొన్ని వారాలు పడుతుంది.

బిడ్డ చెప్పిందంతా ఇంట్లో చెప్పేయాలని కూడా కొందరు పట్టుబడతారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం గోప్యత రోగి హక్కు. ప్రాణాపాయం ఉన్నప్పుడు, పిల్లలపై లైంగిక దాడి జరిగిందని తెలిసినప్పుడు మౌనంగా ఉండటం కుదరదని మొదటి రోజే ఇద్దరికీ చెబుతాను. మిగిలిన విషయాల్లో ఆ గోప్యతే బిడ్డ చేత నిజం చెప్పిస్తుంది.

అపోహ: "మాత్రలు మొదలుపెడితే జీవితాంతం మింగాలి, మత్తుగా పడి ఉంటారు."

కుంగుబాటుకు సాధారణంగా ఇచ్చే మందులు మత్తుమందులు కావు, వ్యసనంగా మారవు. అవి పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది కనుక, "వారం వేసినా ఫలితం లేదు" అని మానేయడం పొరపాటు, బాగైందని ఒక్కసారిగా ఆపేయడం కూడా పొరపాటే. వయసులో చిన్నవారికి మొదటి వారాల్లో అలజడి, ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం కొంత ఉంటుంది కాబట్టి ఇంట్లో వారు దగ్గరగా గమనిస్తూ, మార్పు కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. అలవాటయ్యే ప్రమాదం ఉన్నది కొన్ని రకాల నిద్రమాత్రలకు. వాటినే చాలామంది చీటీ లేకుండా మందుల షాపులో అడిగి తెచ్చుకోవడం నాకు ఆందోళన కలిగించే విషయం.

అపోహ: "గాలి సోకింది, మొక్కు తీరిస్తే పోతుంది."

కొండకు వెళ్లడం, మొక్కుకోవడం కుటుంబానికి ధైర్యం ఇస్తే వద్దనను. బిడ్డను కట్టివేయడం, కొట్టించడం, పస్తులుంచడం, డాక్టరు ఇచ్చిన మందు ఆపించడం మాత్రం హాని.

అపోహ: "చచ్చిపోవాలని ఉందా అని అడిగితే, లేని ఆలోచన మనమే పుట్టించినట్టవుతుంది."

అన్నింటిలోకీ ఈ అపోహే నన్ను ఎక్కువగా భయపెడుతుంది. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదని పరిశోధనలు స్పష్టంగా చెబుతున్నాయి, అడిగినప్పుడు చాలామంది పిల్లలు ఊపిరి పీల్చుకోవడం నేను కళ్లారా చూశాను. "ఈ మధ్య బతకాలని లేదని అనిపిస్తోందా నాయనా?" అని ప్రశాంతంగా, సూటిగా అడగండి. "అవును" అంటే తిట్టవద్దు, ఒట్టు వేయించుకోవద్దు, ఒంటరిగా వదలవద్దు. పొలం మందులను, ఇంట్లోని మాత్రలను తాళం వేసి బిడ్డకు అందకుండా పెట్టండి. 14416కు గానీ, ప్రాణాపాయం ఉంటే 112కు గానీ ఫోన్ చేసి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంటర్ ఫలితాలు వచ్చే ఏప్రిల్ నెలలో, ముఖ్యంగా ఫలితాలు వచ్చిన రాత్రి, బిడ్డ పక్కనే ఉండండి, అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ గురించి మరునాడు మాట్లాడవచ్చు.

పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లడానికి వెనకాడేవారు ఇంకా ఉన్నారు. ఆత్మహత్యకు ప్రయత్నించిన వారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని 2017 చట్టం చెబుతోంది, పాత శిక్షాస్మృతిలో ఆ ప్రయత్నాన్ని నేరంగా చూపిన 309వ సెక్షను 2024 జూలై 1న అమలులోకి వచ్చిన కొత్త చట్టంలో లేదు.

అపోహ: "ఇది ఇంటి విషయం, కాలేజీని అడగడానికి లేదు."

అడగవచ్చు. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ మరణించిన విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది విద్యార్థులున్న సంస్థలు అర్హత గల ఒక కౌన్సెలరునైనా నియమించాలని, మార్కులను బట్టి పిల్లలను సెక్షన్లుగా విడదీయడం, అందరిముందు అవమానించడం మానుకోవాలని చెప్పింది, కోచింగ్ కేంద్రాలకు కూడా ఇవి వర్తిస్తాయి. చేర్పించే రోజునే కౌన్సెలరు ఎవరు, ఎక్కడ కూర్చుంటారు అని అడగండి. నేను చూసిన ఒక కాలేజీలో కౌన్సెలింగ్ గది ప్రిన్సిపాల్ గదికి ఆనుకొని, అద్దాల తలుపుతో ఉండేది. ఆ ఏడాది ఒక్క విద్యార్థి కూడా తనంతట తానుగా ఆ గదిలోకి వెళ్లలేదు.

అపోహ: "సహాయం బిడ్డకే కావాలి, మాకెందుకు?"

ఆ పాడి రైతు కూతురికి ఆరో వారానికి ఆదివారం రాత్రులు కొంత తేలికయ్యాయి. ఆ రోజు అమ్మాయి ముందుగా బయటికి వెళ్లాక, ఆయన తలుపు దగ్గరే నిలబడి, "పాప హాస్టల్‌లో చేరినప్పటి నుంచి నాకూ సరిగా నిద్ర లేదు మేడమ్" అన్నారు. నేను ఆయనను కూర్చోబెట్టి, అంతవరకు పాపను అడిగిన ప్రశ్నలనే ఆయననూ మొదటి నుంచి అడిగాను.