గుడ్డి కన్నా మెల్ల మేలు: ఓటరు లెక్క మీద అపోహలు, వాస్తవాలు

ఎన్నికలు దగ్గర పడితే చాలు, హైదరాబాదులో ఏ పెళ్ళి భోజనాల్లో కూర్చున్నా నాకు ఒకటే ప్రశ్న. "ఆయన మీద అన్ని కేసులున్నాయి, అన్ని ఆరోపణలున్నాయి. అయినా జనం ఆయనకే ఎందుకు గుద్దుతారండీ? చదువుకున్న కుర్రాడు నిలబడితే డిపాజిట్ కూడా రాదేం?" పన్నెండేళ్ళుగా నా పని ఇంటింటి సర్వేలు కాబట్టి నన్నే అడుగుతారు. నేను నోరు తెరిచేలోపు సమాధానం కూడా వాళ్ళే చెప్పేస్తారు: జనానికి బుద్ధి లేదు.

ఆ సమాధానం నాకు నచ్చదు. జనం మీద ప్రేమ పొంగి కాదు. దాన్ని నమ్మి ఒకసారి నిండా మునిగాను. ఆ సంగతి కాసేపట్లో చెప్తాను.

అపోహ: నాయకుడి తప్పులు తెలియక ఓటేస్తారు

వాస్తవం: మనకంటే బాగా తెలుసు.

నామినేషన్‌తో పాటు ఫారం 26 అఫిడవిట్ ఇవ్వాలి. ఆస్తులు, అప్పులు, కేసులు అన్నీ అందులో ఉంటాయి. కేసుల వివరాలు ప్రచార సమయంలో మూడుసార్లు పత్రికల్లో, టీవీల్లో ప్రకటించాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. కేసులున్నవాళ్ళకి టికెట్ ఎందుకు ఇచ్చారో పార్టీలు కారణం రాయాలని, 'గెలుస్తాడు కాబట్టి' అంటే కుదరదని 2020లో ఇంకో మాట చెప్పింది. ఎన్నికల సంఘం యాప్‌లో పేరు కొడితే అఫిడవిట్ వస్తుంది. ఇన్ని ఉన్నా నేను తిరిగిన బస్తీల్లో ఆ యాప్ తెరిచి చూశామన్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. వాళ్ళకి ఆ అవసరం లేదు. ఎమ్మెల్యే బావమరిది ఏ నాలా పక్కన ఎంత జాగా కలుపుకున్నాడో గజాలతో సహా చెప్తారు.

బోరబండ వైపు ఒక ఇడ్లీ బండి ఆవిడ ఉంది. సర్వేకి ఎప్పుడు వెళ్ళినా ముందు ఆవిడ దగ్గరే టిఫిన్ చేసి మొదలుపెడతాను, ఎందుకంటే గల్లీ మొత్తం సమాచారం పల్లీ చట్నీతో పాటు ఉచితంగా వస్తుంది. ఒకసారి అక్కడి నాయకుడి గురించి అడిగాను. చట్నీ గరిటె గిన్నె అంచుకి రెండుసార్లు కొట్టి, ఇలా అంది:

"తింటడు బిడ్డా. తినడని నేను చెప్తనా? కానీ మా ఆయనకు పక్షవాతమొచ్చిన్నాడు రాత్రి పన్నెండింటికి ఫోన్ చేస్తే ఎత్తిండు. తెల్లారి మనిషిని పంపిండు, నిమ్స్‌ల చేర్పించిండ్రు. ఇంక నువ్వేం రాసుకుంటవో రాసుకో."

నా ట్యాబ్‌లో ఉన్న ఆప్షన్లు 'చాలా మంచి', 'మంచి', 'పర్వాలేదు', 'చెడ్డ'. 'తింటాడు కానీ ఫోన్ ఎత్తుతాడు' అన్న గడి లేదు.

ఈ ఫోన్ విషయం అర్థం కాకపోతే ఇక్కడి రాజకీయం ఏమీ అర్థం కాదు. నిమ్స్‌లో పెద్ద ఆపరేషన్ అంటే పేదవాళ్ళకి ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్‌ఓసీ, అంటే ఖర్చు సర్కారు భరిస్తుందని ఆసుపత్రికి ముందే ఇచ్చే హామీ పత్రం, కావాలి. దానికి చాలామంది పట్టుకునే దారి ఎమ్మెల్యే లెటర్. ప్రైవేటు ఆసుపత్రిలో ఖర్చయిపోతే బిల్లులు పట్టుకుని మళ్ళీ అదే ఆఫీసు. ఆడపిల్ల పెళ్ళికి సర్కారు ఇచ్చే కల్యాణలక్ష్మి 1,00,116 రూపాయల చెక్కు కూడా ఎమ్మెల్యే చేతి మీదుగానే వస్తుంది. మ్యాన్‌హోల్ పొంగితే జలమండలికి ఫోన్ చేయొచ్చు, చేస్తారు కూడా. కానీ కార్పొరేటర్ మనిషి ఫోన్ చేస్తే జెట్టింగ్ మెషిన్ తొందరగా వస్తుందని గల్లీలో అందరి నమ్మకం. హక్కుగా రావాల్సినవి సిఫారసుగా వస్తున్నప్పుడు, సిఫారసు చేసేవాడి గుణం కంటే అందుబాటు ముఖ్యమవుతుంది.

పాతాయన దగ్గర ఏ పనికి ఎవరిని పట్టుకోవాలి, ఎన్నిసార్లు తిరగాలి, పీఏ ఏ టైముకి మంచి మూడ్‌లో ఉంటాడు, ఇవన్నీ ఏళ్ళ తరబడి నేర్చుకున్న సంగతులు. కొత్తాయన వస్తే ఆ చదువంతా వృథా, మళ్ళీ ఒకటో తరగతి. గుడ్డి కన్నా మెల్ల మేలు అన్నది ఇక్కడ సామెతగా వాడరు, లెక్కగా వాడతారు.

ఇది బాగుందని నేననడం లేదు. ఎల్‌ఓసీకి ఎమ్మెల్యే లెటర్ అక్కర్లేని రోజు వస్తే ఇడ్లీ బండి ఆవిడ అఫిడవిట్ అడిగినా అడుగుతుంది.

అపోహ: 'మంచోడు' అన్నారంటే ఓటు పడ్డట్టే

వాస్తవం: ఇక్కడే నేను మునిగాను.

2020 డిసెంబరు జీహెచ్‌ఎంసీ, అంటే హైదరాబాద్ నగరపాలక సంస్థ ఎన్నికలు. కరోనా రోజులు, మాస్కులు, బ్యాలెట్ పేపర్లు. ఒక డివిజన్‌లో ఉద్యోగం మానేసి సొంత డబ్బుతో నిలబడిన కుర్రాడికి సర్వే చేశాను. పెద్ద పార్టీ గుర్తు లేదు. లాక్‌డౌన్‌లో బియ్యం పంచాడు, అక్టోబరు వరదల్లో మోకాలి లోతు నీళ్ళలో తిరిగాడు. ఏ ఇంటి తలుపు కొట్టినా "ఆ బాబా? బంగారం లాంటోడు" అన్నారు. నేను మురిసిపోయి రిపోర్టులో రెండో స్థానం ఖాయం, కష్టపడితే మొదటిది అని రాశాను. అతను నా రిపోర్టు చూసి ఇంకో నాలుగు లక్షలు అప్పు తెచ్చాడు.

నాలుగో స్థానం వచ్చింది. డిపాజిట్ పోయింది.

ఫలితాల తర్వాత సిగ్గు విడిచి అదే గల్లీలకి వెళ్ళి అడిగాను. ఒక పెద్దాయన నవ్వి, "మంచోడే సారూ, అందుకే గెలవడనుకున్నం. గెలవకపోతే మళ్ళ సాఫ్ట్‌వేర్‌కి పోతడు గద" అన్నాడు. నేను అడగాల్సిన ప్రశ్న అది. మనిషి మంచివాడా అని అడిగాను కానీ, ఓడిపోయాక కూడా ఇక్కడే ఉంటాడనుకుంటున్నారా అని అడగలేదు.

అప్పటి నుంచి నా ఫారంలో మొదటి ప్రశ్న మారింది: "అర్ధరాత్రి ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోతే ఏ నాయకుడికి ఫోన్ చేస్తారు?" ఓటు ఎవరికి అన్న ప్రశ్న చివర్లో వస్తుంది. మొదటిదానికి వచ్చిన పేరే చివరిదానికీ వస్తే ఆ ఓటు గట్టిది. వేరే పేరు వస్తే అది గాలి ఓటు, పోలింగ్ నాటికి ఎటైనా పోతుంది.

అపోహ: ఎప్పుడూ పాత మొహమే గెలుస్తుంది

వాస్తవం: ఇది పచ్చి అబద్ధం. మన దేశంలో సిట్టింగులు, అంటే పదవిలో ఉన్నవాళ్ళు, ఓడిపోవడం కొత్త విషయం కాదు. 2023 ఆగస్టులో తెలంగాణలో అప్పటి అధికార పార్టీ బీఆర్ఎస్ అసెంబ్లీ ఎన్నికలకి ఒకేసారి 115 మంది పేర్లు ప్రకటించింది. ఏడు చోట్ల తప్ప సిట్టింగులందరికీ మళ్ళీ టికెట్. ఫలితం 39 సీట్లు. కాంగ్రెస్‌కి 64. 'మా ఎమ్మెల్యే మీద కోపం, పెద్దాయన (కేసీఆర్) మీద కాదు' అన్న మాట ఆ ఏడాది మేము జిల్లాల్లో ఎన్నిసార్లు విన్నామో. అదే ఎన్నికలో హైదరాబాద్ జిల్లా 15 సీట్లు చూడండి: బీఆర్ఎస్‌కి 7, మజ్లిస్‌కి (ఎంఐఎం) 7, బీజేపీకి 1, రాష్ట్రంలో గెలిచిన కాంగ్రెస్‌కి సున్నా. ఊళ్ళో తిరగబడ్డ లెక్క పట్నంలో నిలబడింది. కాబట్టి 'తెలుగువాళ్ళింతే' అనే సూత్రం ఏదీ లేదు.

పాతబస్తీ సంగతి ఇంకా తమాషా. అక్కడ అంతా రాతి మీద గీత అనుకుంటాం. 2016లోనూ 2020లోనూ జీహెచ్‌ఎంసీలో మజ్లిస్‌కి సరిగ్గా 44 డివిజన్లే. కానీ 2023లో యాకుత్‌పురాలో మజ్లిస్ బయటపడింది 878 ఓట్లతో. ఎదురుగా ఉన్నది ఎంబీటీ (మజ్లిస్ బచావో తెహ్రీక్) అనే చిన్న పార్టీ నుంచి అంజదుల్లా ఖాన్, ఆజంపురా మాజీ కార్పొరేటర్. అంటే ఆయనా 'ఫోన్ నంబరు ఉన్న' మనిషే. పైగా అక్కడ ఆ ఏడాది మజ్లిస్సే అభ్యర్థిని మార్చింది. పార్టీ పాతది, మనిషి మారాడు. ఎదుటి పార్టీ చిన్నది, మనిషి తెలిసినవాడు. తేడా 878.

అపోహ: కొత్త మొహం అంటే కొత్త మనిషి

వాస్తవం: 2025 నవంబరు జూబ్లీహిల్స్ ఉపఎన్నికలో కాంగ్రెస్ తరఫున నవీన్ యాదవ్ గెలిచారు. 'యువ నాయకుడు, కొత్త రక్తం' అని బయటి ఊళ్ళ మిత్రులు నాకు మెసేజ్‌లు పెట్టారు. ఆయన అదే నియోజకవర్గంలో 2014లో మజ్లిస్ గుర్తు మీద పోటీ చేసి రెండో స్థానంలో నిలిచారు. 2018లో ఇండిపెండెంట్‌గా నిలబడ్డారు. అసెంబ్లీకి కొత్త కావచ్చు, రహమత్‌నగర్, యూసుఫ్‌గూడ గల్లీలకి కాదు. రెండుసార్లు ఓడిపోయి ఊరు విడిచి వెళ్ళకపోవడమే కొత్తవాళ్ళు చూపించగల పెద్ద అర్హత, బయోడేటాలో దానికి కాలమ్ ఉండదు.

పాలకుర్తి కథ వేరు. 2023లో యశస్వినీ రెడ్డి 26 ఏళ్ళ వయసులో, ఏళ్ళ తరబడి ఓటమి ఎరగని ఎర్రబెల్లి దయాకర్‌రావుని ఓడించారు. కొత్త మొహమే, నిజం. కానీ చేతిలో కాంగ్రెస్ గుర్తు, వెనక అత్తగారు ఝాన్సీ రెడ్డి అప్పటికే అక్కడ చేసిన పని. గుర్తు పాతది, కుటుంబం తెలిసినది, మనిషి మాత్రమే కొత్త. ఇలాంటి కొత్తకి ఓటరు భయపడడు.

'కొత్తవాడు కాబట్టి శుభ్రం' అనే మాట నన్నడిగితే ఇంకా ప్రమాదం. ఖాళీ స్లేటు మీద తప్పులు లేకపోవడం గొప్పేమీ కాదు, ఒప్పులూ లేవు. ఇది బస్తీ వాళ్ళకి తెలుసు, కాఫీ షాపుల్లో మాట్లాడేవాళ్ళకే తెలియదు.

అపోహ: చదువుకున్నవాళ్ళు కొత్తవాళ్ళని ఆదరిస్తారు

వాస్తవం: ఆదరించిన ఉదాహరణ ఉంది. 2009లో కూకట్‌పల్లిలో లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ గెలిచారు. ఉమ్మడి రాష్ట్రం 294 సీట్లలో ఆ పార్టీకి వచ్చింది అదొక్కటే. 2014లో ఆయన మల్కాజిగిరి లోక్‌సభకి వెళ్ళి ఓడిపోయారు. కూకట్‌పల్లిలో అదే ఏడాది టీడీపీ నుంచి మాధవరం కృష్ణారావు గెలిచారు, తర్వాత పార్టీ మారి 2018లో, 2023లో మళ్ళీ గెలిచారు. అదే ఓటర్లు, అవే అపార్ట్‌మెంట్లు. ఒకసారి ప్రయోగం చేశారు, తర్వాత అందుబాటులో ఉన్న మనిషిని చూసుకున్నారు. జేపీ గారంటే ఇప్పటికీ గౌరవంగా మాట్లాడతారు, అది వేరే.

ఇక గేటెడ్ కమ్యూనిటీల గురించి చెప్పాలంటే నాకు కొంచెం కోపం వస్తుంది, మన్నించండి. వాట్సాప్ గ్రూపులో 'మార్పు కావాలి' అని రాసినవాళ్ళు పోలింగ్ రోజు సెలవు కలిసొచ్చిందని ఊళ్ళకి వెళ్ళిపోతారు. 2020 జీహెచ్‌ఎంసీలో పోలింగ్ 46 శాతం పైచిలుకు. జూబ్లీహిల్స్ ఉపఎన్నికలో అంత హడావుడి చేసినా సగం దాటలేదు. కొత్త అభ్యర్థిని ఓడించేది పాత నాయకుడి ఓటర్లే అనుకుంటాం. ఇంట్లో కూర్చున్న అభిమానులు కూడా ఓడిస్తారు.

అపోహ: అంతా డబ్బే

వాస్తవం: డబ్బు పంచుతారు, తీసుకుంటారు. రెండు వైపులా తీసుకుంటారు కాబట్టి దానితోనే ఓటు తేలదు. పంచకపోతే మాత్రం 'ఈయన సీరియస్‌గా లేడు' అనుకుంటారు. ఇంతకంటే ఇందులో పెద్ద రహస్యం లేదు.

అపోహ: గెలవనివాడికి వేస్తే ఓటు వృథా

వాస్తవం: ఇది ఓటర్ల అపోహ, అన్నిటికంటే గట్టిది, యంత్రం కూడా దానికి సాయం చేస్తుంది. బ్యాలెట్‌లో గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థులు ముందు వస్తారు, తర్వాత రిజిస్టరైన చిన్న పార్టీలు, చివర్లో ఇండిపెండెంట్లు. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో పదహారు మీటలు. జూబ్లీహిల్స్‌లో 58 మంది నిలబడితే నాలుగు యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. నాలుగో యూనిట్‌లో ఎక్కడో ఉన్న గుర్తుని ఒక ముసలమ్మ వెతుక్కోవాలి, వెనక లైను గొణుగుతుంటుంది. తెలిసిన గుర్తు మొదటి యూనిట్‌లో కళ్ళెదుటే ఉంది.

2023లో కొల్లాపూర్‌లో బర్రెలక్కగా అందరికీ తెలిసిన శిరీష ఇండిపెండెంట్‌గా నిలబడ్డారు. రాష్ట్రమంతా ఆవిడ వీడియోలే. పడ్డ ఓట్లు ఆరు వేల లోపు. పోలైన చెల్లే ఓట్లలో ఆరో వంతు దాటితేనే డిపాజిట్ వెనక్కి వస్తుంది. ఫోన్‌లో చూసి లైక్ కొట్టిన వేలు వేరు, మీట నొక్కే వేలు వేరు.

మునిగిన నా కుర్రాడి సంగతి చెప్పాలి. అతను సాఫ్ట్‌వేర్‌కి వెళ్ళాడు, అప్పు తీర్చాలి కదా. కానీ ఇల్లు మారలేదు. సాయంత్రాలు వాటర్ ట్యాంక్ దగ్గర ఒక షట్టర్ తీసి కూర్చుంటాడు. రేషన్ కార్డు, పింఛను దరఖాస్తులు నింపి పెడతాడు. గత ఏడాది వేరే పని మీద ఆ వైపు వెళ్ళినప్పుడు అక్కడి కిరాణా కొట్టులో ఫ్రిజ్ మీద స్కెచ్ పెన్‌తో రాసిన రెండు ఫోన్ నంబర్లు చూశాను. ఒకటి కార్పొరేటర్ మనిషిది, ఒకటి ఇతనిది.

కొట్టు ఆవిడని అడిగాను, "రాత్రి పూట ఏమన్నా అయితే ముందు ఏది చేస్తరక్కా?"

"ముందు పైనదే చేస్త. గది ఎత్తకపోతే గీ పిలగానికి."